గోత్రం తెలియకపోతే కాశ్యపం

2024 డిసెంబరు 3న రాత్రి ఎనిమిదిన్నరకు, షట్టర్ సగం దించేశాక, ఒక స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. మరుసటి రోజు నేవీ డే. పొద్దున తొమ్మిదికల్లా ఎనిమిది బై నాలుగు ఫ్లెక్సీ కావాలి. "1971 యుద్ధంలో పోయిన నేవీ పైలట్ల మీద పెట్టండి. బొమ్మలు, మాటలు మీరే ఏదో ఒకటి చూసి వేసేయండి" అన్నారు.

తిరుపతిలో లీలామహల్ సెంటర్ దగ్గర నాకు చిన్న డీటీపీ, ఫ్లెక్సీ షాపు ఉంది. "మీరే ఏదో ఒకటి వేసేయండి" అనే మాట మీద పదహారేళ్ళుగా బతుకుతున్నాను. నెట్‌లో వెతికితే ఓడ మీద నుంచి లేస్తున్న విమానం ఫోటో దొరికింది, మంచి సాయంకాలపు ఎండలో. దాన్ని ఎడమవైపు పెట్టి, వెనక మూడు రంగులు పరిచి, "దేశం కోసం తమ ప్రాణాలను తృణప్రాయంగా అర్పించిన నౌకాదళ గగనవీరులకు జోహార్లు" అని వేశాను. ఇరవై నిమిషాల పని. 'గగనవీరులు' నా సొంత కల్పన. దానికి కొంచెం మురిసిపోయాను కూడా.

మరుసటి రోజు ఆ ప్రోగ్రాంకి ముఖ్య అతిథి మా మామ. అమ్మకు తమ్ముడు. నేవీలో పదిహేనేళ్ళు విమానాల మెకానిక్‌గా చేసి, 1988లో బయటికొచ్చి, తరువాత బ్యాంకులో క్లర్కుగా చేరి రిటైరయ్యాడు. స్కూలువాళ్ళకు ఆయన పేరు చెప్పింది నేనే. స్టేజి ఎక్కబోతూ ఫ్లెక్సీ ముందు ఆగి, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఇది ఎవురిది రా?"

"నేవీదే మామా."

"ఏ నేవీది? ఇది అమెరికావోళ్ళ ఎఫ్-18. డెబ్బయ్యొకటిలో ఇది ఇంకా పుట్టనే లేదు."

తరువాత కింద వేసిన మాటలు చదివాడు. నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "తృణప్రాయమా? ఎవురికి రా తృణం? వాళ్ళకా, మనకా?"

స్టేజి మీద ఆయన మాట్లాడింది మూడు నిమిషాలు. ఒక విమానం పేరు, ఒక తేదీ, మూడు పేర్లు చెప్పి కూర్చున్నాడు. పిల్లలకు చప్పట్లు ఎప్పుడు కొట్టాలో అర్థం కాలేదు. టీచరు సైగ చేస్తే కొట్టారు. నాకు ఆ పూట కొంచెం చిన్నతనంగానే అనిపించింది, ఈయన ఇంకాస్త బాగా మాట్లాడి ఉండొచ్చు కదా అని.

ఆ తరువాత పది నెలలు నెమ్మదిగా ఆలోచిస్తే నాకు ఒకటి తేలింది. అది మా వృత్తికే ఎదురు వచ్చే సంగతి. యుద్ధంలో పోయిన మనిషి మీద మనం వేసే పెద్ద మాటలు ఆ మనిషిని త్వరగా మరిచిపోవడానికే ఎక్కువ పనికొస్తాయి. ఆరోజు ఏ పని మీద వెళ్ళాడు, ఎవరితో వెళ్ళాడు, ఏది తెలిసింది, ఏది తెలియలేదు అని చెబితే తప్ప మనిషి మిగలడు. మామ మాట్లాడిన మూడు నిమిషాలే సరైన నివాళి అని ఇప్పుడు అంటున్నాను. అనడం తేలికే కానీ, ఈ అభిప్రాయం మీద నాకే కొన్ని అనుమానాలు ఉన్నాయి. వాటినీ రాస్తాను.

ముగ్గురు కూర్చునే విమానం

మామ నేవీలో చేరింది 1973లో. అంటే యుద్ధం ఆయన చూడలేదు. ఆయన చేయి పెట్టింది అలీజే విమానాల మీద, ఎక్కువ కాలం గోవాలో. ఫ్రాన్సులో బ్రెగే కంపెనీ తయారుచేసిన విమానం అది. ముక్కున ప్రొపెల్లర్, ఓడ మీద చోటు సరిపోవడానికి మడిచిపెట్టే రెక్కలు, పొట్ట కింద నుంచి దించి మళ్ళీ పైకి లాక్కునే రాడార్ గుండు. దాని పని జలాంతర్గాముల్ని వెతకడం. దొరికితే పైనుంచి టార్పెడోనో, నీళ్ళల్లో పేలే డెప్త్ చార్జో వేయడం. ఇంకో విమానం ఎదురుపడితే కాల్చడానికి దానికి తుపాకీ లేదు.

అందులో ముగ్గురు కూర్చుంటారు. పైలట్, అబ్జర్వర్, ఎయిర్‌క్రూమన్. మొదటి ఇద్దరూ ఆఫీసర్లు, మూడో మనిషి సెయిలర్. మామ చేరిన కొత్తలో ఒక సీనియర్, కాక్‌పిట్ తెరిచి చూపించే ముందు మూడు పేర్లు చెప్పించేవాడట, లెక్కల ఎక్కం చెప్పించినట్టు. అశోక్ రాయ్, సిరోహి, విజయన్. "ఇది ముగ్గురి బండి, గుర్తుపెట్టుకోండి" అనేవాడట.

1971 డిసెంబరు 9 రాత్రి డయ్యూ తీరం అవతల మన ఖుక్రీ నౌకను పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచేసింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడతోపాటే మునిగిపోవడం చాలామందికి తెలిసిన కథ. ఆ హంగోర్ కోసం నాలుగు రోజులు సముద్రమంతా గాలించారు, దొరకలేదు. ఆ రోజుల్లో, డిసెంబరు 10న, గుజరాత్ తీరం అవతల అరేబియా సముద్రం మీద తిరుగుతున్న ఒక అలీజేని పాకిస్తాన్ ఎఫ్-104 యుద్ధ విమానం ఒకటి పడగొట్టింది. లెఫ్టినెంట్ కమాండర్ అశోక్ రాయ్, లెఫ్టినెంట్ సిరోహి, ఎయిర్‌క్రూమన్ విజయన్ తిరిగి రాలేదు.

అలీజే ఎంత గట్టిగా పరిగెత్తినా గంటకు 500 కిలోమీటర్ల చిల్లర. ఎఫ్-104 రెండు వేలు దాటగలదు. పైగా జలాంతర్గామి కోసం చూసేవాడి కళ్ళు, రాడారు, అన్నీ నీళ్ళ మీదే ఉంటాయి. ఈ రెండు ముక్కలు వింటే చాలు, నాకు ఆ సీట్లలో కూర్చున్నవాళ్ళ పరిస్థితి అర్థమైంది. వాళ్ళకు ఆ విమానం కనిపించిందా, రేడియోలో ఏమన్నారు, ఆఖరి క్షణంలో ఎవరు గుర్తొచ్చారు అని రాస్తే కథ అవుతుంది. చాలామంది రాస్తారు. నాకు చేతులు రావు.

మన తెలుగువాళ్ళకు 1971, నేవీ అనగానే విశాఖ, అక్కడ మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తాయి. ఆర్కే బీచ్‌లో స్మారకం ముందు ఫోటో దిగని ఇల్లు ఉండదు. విక్రాంత్ నౌక మీద నుంచి లేచిన సీ హాక్ విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద పడటం కూడా కొంతమందికి తెలుసు. గెలిచిన తూర్పు సముద్రం మనకు దగ్గర. ఖుక్రీని, ఆ అలీజేని మింగిన పడమటి సముద్రం అంత దగ్గర కాదు.

మామకు ఇప్పటికీ ఒక అలవాటు ఉంది. రోజూ పొద్దున స్కూటర్‌ని తడిగుడ్డతో తుడుస్తాడు. బ్రేక్ వైరు మూల, నంబర్ ప్లేటు వెనక, సీటు కింద బోల్టుల చుట్టూ, గుడ్డను వేలికి చుట్టి మరీ. సముద్రం మీద తిరిగి వచ్చిన విమానాన్ని వెంటనే మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పు తినేస్తుంది. ఆ భయం చేతికి పట్టేసింది. తిరుపతిలో ఉప్పుగాలి ఎక్కడిది అని అత్త ఎగతాళి చేస్తుంది.

నా ఫోల్డర్‌లో ఉన్న మాటలు

నా కంప్యూటర్‌లో 'నివాళి' అని ఒక ఫోల్డర్ ఉంది. అశ్రునివాళి, కన్నీటి నివాళి, జోహార్లు, అమర్ రహే, ఆశయ సాధనకై అంటూ ఇరవై ఏడు డిజైన్లు. మనిషి ఫోటో, పేరు, తేదీ మార్చుకుంటే చాలు. వార్డు లీడర్ తండ్రికి, ఆటో యూనియన్ ప్రెసిడెంటుకు, సరిహద్దులో చనిపోయిన జవానుకు అవే మాటలు. 'ప్రాణాలను తృణప్రాయంగా' అనేది జవాన్లకు మాత్రమే వాడతాం, అదొక్కటే తేడా.

ఆ మాటలో తప్పేముంది అని ఇంతకు ముందు ఎప్పుడూ అనుకోలేదు. ప్రాణాన్ని గడ్డిపోచతో సమానంగా చూశాడు అంటే గొప్పగానే వినిపిస్తుంది. కానీ ప్రాణం గడ్డిపోచ అనుకునేవాడు బయలుదేరే ముందు బెల్టులు బిగించి మరీ చూసుకోడు. లైఫ్ జాకెట్ వేసుకోడు. మెకానిక్ సంతకం కోసం ఆగడు. మామ చెప్పేది ఇదే: "మేము రాత్రంతా కూర్చుని ఒక బోల్టు మారుస్తా ఉంటిమి. ఎందుకు? ముగ్గురూ తిరిగి రావాలనే కదా. గడ్డిపోచలకు అంత పని ఎందుకు రా?"

ఢిల్లీలో 2019లో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో పాతిక వేల పైచిలుకు పేర్లు గ్రానైట్ మీద చెక్కారు. అక్కడ పేరుకు ముందు వీరుడు, ధీరుడు అని ఏమీ ఉండదు. పేరు, హోదా, దళం, అంతే. మా షాపులో అలా డిజైన్ చేసి చూపిస్తే కస్టమర్ "ఇదేంటన్నా, ఓటర్ల లిస్టు లాగా ఉంది" అని వెనక్కి పంపుతాడు.

ఇక్కడే నా మొదటి అనుమానం. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి జనరల్ బిపిన్ రావత్‌తో పాటు మన ఉమ్మడి చిత్తూరు జిల్లా వాడు లాన్స్ నాయక్ సాయితేజ పోయాడు. కురబలకోట మండలం. డీఎన్ఏ పరీక్షలు చేస్తే కానీ గుర్తించలేని స్థితి. నాలుగో రోజుకు సొంతూరు చేర్చారు. ఆ రోజుల్లో మా ప్రింటింగ్ మిషన్ ఆగలేదు. ఒక పెద్దాయన, ఆ ఊరికి ఏ సంబంధమూ లేని తిరుపతి మనిషి, ఫ్లెక్సీ కోసం వచ్చి నిలబడి, "వీరుడు అని పెద్దగా వెయ్యి. ఇంకా పెద్దగా. చాల్లేదు" అంటూ అక్షరం సైజు పెంచించాడు. డబ్బులిచ్చేటప్పుడు ఆయన చేతులు వణుకుతున్నాయి. ఆ మనిషికి హెలికాప్టర్ రకం, మంచు ఎంత ఉంది, ఎంత ఎత్తులో పోతున్నారు అనే వివరాలు ఏం పనికొస్తాయి? నలుగురు కలిసి ఏడవడానికి ఒక పెద్ద మాట కావాలి. అది అరిగిపోయిన మాటే అయితే ఇంకా మంచిది, అందరి నోట్లోనూ ఒకేసారి వస్తుంది.

కాబట్టి పెద్దకర్మ దాకా పెద్ద మాటలు ఉండనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నా పేచీ ఆ తరువాతి సంవత్సరాలతో. యాభై నాలుగేళ్ళ తరువాత కూడా అదే మాట, అదీ తప్పు విమానం బొమ్మ కింద వేస్తే, దాన్ని ఏమనాలి?

రెండో అనుమానం నా గురించే. ఫ్లెక్సీ అవమానం తరువాత నేను రాత్రిళ్ళు ఒంటిగంట దాకా కూర్చుని ఎఫ్-104 గురించి, అలీజే గురించి, హంగోర్ గురించి చదవడం మొదలుపెట్టాను. నెట్‌లో ఈ రకం మనుషులు చాలామంది ఉన్నారు. ఏ విమానం ఏ నంబరు, ఏ తుపాకీ ఎన్ని మిల్లీమీటర్లు, అన్నీ నోటికి వచ్చు. పోయినవాడి పేరు మాత్రం అడిగితే వెతుక్కోవాలి. నేనూ ఆ గుంపులో కలిసిపోతున్నాను అని నాకు చెప్పింది మా ఆవిడ. "ఆ విమానం సంగతులన్నీ తెలుసు నీకు. మీ మామ మోకాలి ఆపరేషన్ ఎప్పుడో తెలుసా?" తెలియదు. వివరాలు కూడా ఫ్లెక్సీల్లాంటివే కావచ్చు, అడ్డంగా కట్టేస్తే వెనక ఉన్నది కనబడదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏ వివరం మనిషి దగ్గరికి తీసుకుపోతుందో, ఏది ఇనుము దగ్గర ఆపేస్తుందో ఎప్పటికప్పుడు చూసుకోవడమే.

పోయినట్టా, కానట్టా

నేను పొరపాటున వేసిన ఎఫ్-18 బొమ్మ వల్ల ఒక మేలు జరిగింది. దాని గురించి చదువుతుంటే ఇంకో నేవీ పైలట్ తగిలాడు. మైకేల్ స్కాట్ స్పైకర్, అమెరికా. 1991 జనవరి 17న, గల్ఫ్ యుద్ధం మొదలైన రాత్రే, సరటోగా నౌక మీద నుంచి ఎఫ్-18లో లేచి ఇరాక్ మీద కూలిపోయాడు. కొన్ని గంటల్లోనే చనిపోయాడని చెప్పేశారు. 2001లో ప్రభుత్వం మాట మార్చి, కనిపించకుండా పోయాడు అంది. 2002లో మళ్ళీ మార్చి, పట్టుబడి బతికే ఉండొచ్చు అంది. ఈ మధ్యలో ఆయనకు ప్రమోషన్లు వస్తూనే ఉన్నాయి, లెఫ్టినెంట్ కమాండర్‌గా పోయినవాడు కెప్టెన్ అయ్యాడు. చివరకు 2009లో ఇరాక్ ఎడారిలో అవశేషాలు దొరికాయి. అప్పుడే, 1991లోనే, అక్కడి సంచార జాతివాళ్ళు పూడ్చిపెట్టారట.

పద్దెనిమిదేళ్ళు. ఒక మనిషి కాగితం మీద చచ్చి, బతికి, ఖైదీ అయి, మళ్ళీ చచ్చాడు. ఇంట్లోవాళ్ళ సంగతి ఆలోచిస్తే నాకు భయమేసింది. ఎడారిలో కూలినవాడి పరిస్థితే ఇది. సముద్రంలో పడినవాడికి పూడ్చేవాళ్ళు కూడా ఉండరు. అమెరికావాళ్ళు పాత యుద్ధాల్లో జాడ తెలియని 80 వేల పైచిలుకు మంది కోసం ఇంకా వెతుకుతున్నారు, అందులో సగం మంది సముద్రంలో పోయారనే వాళ్ళ అంచనా. మన దగ్గర 2016 జూలై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ బయలుదేరిన వాయుసేన ఏఎన్-32 విమానం 29 మందితో బంగాళాఖాతంలో మాయమైంది. అందులో విశాఖ నేవీ ఆయుధ డిపో ఉద్యోగులు ఎనిమిది మంది. ఏడున్నరేళ్ళ తరువాత, 2024 జనవరిలో, చెన్నై తీరానికి 300 కిలోమీటర్ల అవతల 3,400 మీటర్ల లోతున శకలాలు కనబడ్డాయి. మన కాలంలో, మన యంత్రాలతో, యుద్ధం లేకుండా పోయిన విమానానికే అంత కాలం పట్టింది.

చట్టం ఏడేళ్ళు ఆగి, ఆ మనిషి కబురు ఎవరికీ తెలియకపోతే పోయినట్టు అనుకోవచ్చు అంటుంది. శాస్త్రం పన్నెండేళ్ళు ఆగమంటుంది. అప్పటికీ రాకపోతే దర్భలతో, మోదుగాకులతో బొమ్మ చేసి దహనం చేసి కర్మ మొదలుపెట్టమంటుంది. రెండూ కలిసి చెప్పేది ఏమిటంటే, పోయాడు అనేది ఎవరో ఒకరు కూర్చుని తీసుకోవలసిన నిర్ణయం. 1971లో జాడ లేకుండా పోయిన 54 మంది సైనికుల కుటుంబాల్లో చాలామంది ఆ నిర్ణయం తీసుకోవడానికి ఒప్పుకోలేదు. 1983లో కొందరు పాకిస్తాన్‌లోని ముల్తాన్ జైలు దాకా వెళ్ళి చూశారు. 2007లో 14 మంది మళ్ళీ వెళ్ళి జైళ్ళు తిరిగారు. ఎవరూ దొరకలేదు. తమ దగ్గర ఎవరూ లేరనేదే పాకిస్తాన్ మాట. అయినా ఆ ఇళ్ళల్లో తద్దినం పెట్టనివాళ్ళు ఉన్నారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మామ చేసే పని ఒకటి నాకు ఆ స్కూలు ప్రోగ్రాం తరువాత తెలిసింది. పదిహేనేళ్ళుగా ప్రతి మహాలయ పక్షంలో ఆయన కపిలతీర్థంలో తన తల్లిదండ్రులతో పాటు ఆ ముగ్గురికీ తర్పణం వదులుతున్నాడు. అత్తకు తప్ప ఎవరికీ తెలియదు.

తెలిసిన రోజు నాకు కళ్ళు చెమర్చాయి. రెండు రోజుల తరువాత చిరాకు వచ్చింది. ఏ హక్కుతో? తర్పణం అంటే ఈ మనిషి లేడు అని నీళ్ళ సాక్షిగా చెప్పడం. వాళ్ళకు సొంత మనుషులు ఉంటారు. తర్పణం ఎప్పుడు, అసలు వదలాలా వద్దా అనేది వాళ్ళ ఇష్టం. తిరుపతిలో ఉండే ఒక రిటైర్డ్ మెకానిక్, వాళ్ళ ముఖం కూడా చూడనివాడు, ముందుగా చేసేయడం ఏమిటి? అడిగాను.

మామకు కోపం రాలేదు. "నేను వాళ్ళు పోయినారని చెప్పడం లేదురా. వాళ్ళు ఉన్నింటే కూడా ఈ నీళ్ళు ఎక్కడికీ పోవు. నాకు దాహమైనప్పుడు వాళ్ళు గుర్తొస్తారు, అంతే."

ఇది తర్కం కాదు. శాస్త్రం అసలే కాదు. కానీ వాదన అక్కడితో ఆపేశాను. మహాలయంలో బంధువులే కాదు, గురువులు, స్నేహితులు, ఎవరూ లేనివాళ్ళకు కూడా నీళ్ళు వదిలే వీలుందని మా ఇంటికి వచ్చే అయ్యోరు చెప్పారు. కారుణ్య పితరులు అంటారట. తర్పణం చివర్లో తల్లీ తండ్రీ బంధువూ లేనివాళ్ళందరికీ కలిపి ఒక దోసిలి ఎలాగూ ఉంటుంది. ఆయనే ఇంకో సంగతి కూడా చెప్పారు. ఆయుధంతో పోయినవాళ్ళకు మహాలయంలో వేరే తిథి ఉంది, అమావాస్య ముందు రోజు చతుర్దశి. శస్త్రహతులకు ఆ రోజు. మామ ఇన్నేళ్ళూ అమావాస్యకే వదులుతున్నాడు. ఈ మాట చెబితే మాత్రం కొంచెం దిగాలుపడ్డాడు. పదిహేనేళ్ళుగా ఒక బోల్టు తప్పు సైజు బిగించినట్టు.

పెద్ద పేరున్న ఇంకో మనిషి

రాత్రిళ్ళు చదివినదాంట్లో ఒకటి మామకు చెప్పాలా వద్దా అని నెల రోజులు తటపటాయించాను.

అలీజే పడిన రెండు రోజులకు, డిసెంబరు 12న, జామ్‌నగర్ మీద దాడికి వచ్చిన ఒక పాకిస్తాన్ ఎఫ్-104ని మన మిగ్-21 కొట్టింది. కొట్టినవాడు భరత్ భూషణ్ సోనీ. ఎఫ్-104 నడిపినవాడు వింగ్ కమాండర్ మెర్విన్ మిడిల్‌కోట్, పాకిస్తాన్ క్రైస్తవుడు. కచ్ సింధుశాఖ మీద విమానం నుంచి బయటికి దూకాడు. మనవాళ్ళు వెతికించారు. దొరకలేదు.

అదే రకం విమానం. అదే సముద్రం. ఆయన ఇంట్లోనూ తలుపు వైపు చూసి ఉంటారు.

నా అభిప్రాయం, వివరం చెప్పాలి అన్నది, ఇక్కడికి తెచ్చి నిలబెట్టింది నన్ను. పెద్ద మాటలతో ఈ ఇబ్బంది ఉండదు. వీరుడు అంటే మనవాడే, గీత గీసి ఉంటుంది. వివరాల్లోకి దిగితే గీత నీళ్ళల్లో కలిసిపోతుంది. అందుకే కాబోలు ఫ్లెక్సీల మీద వివరాలు వేయం. ఆయన మన మీద దాడికే వచ్చాడు, అదీ వివరమే, దాన్ని దాచను. ఇద్దరినీ సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక సముద్రం గురించి మాట్లాడుతూ అందులో ఉన్న నలుగురిలో ముగ్గురినే లెక్కపెట్టడం నాకు రాలేదు.

చివరకు ఆగస్టులో, మామ మోకాలికి ఫిజియోథెరపీ చేయించుకుంటుంటే చెప్పాను. అంతా విని, "మనోళ్ళని కొట్టినాయన ఈయనేనా?" అన్నాడు.

"కాదు మామా. ఆయన వేరే."

"ఊ" అన్నాడు. కాసేపటికి, "దూకినాడంటే నీళ్ళల్లో కొంతసేపు బతికే ఉంటాడు" అన్నాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

చతుర్దశి

ఈసారి చతుర్దశి సెప్టెంబరు 20, శనివారం. పైగా తమిళుల పెరటాసి మాసంలో మొదటి శనివారం. తమిళనాడు బస్సులు అలిపిరి రోడ్డంతా ఆపి ఉన్నాయి. పసుపు బట్టల జనం మధ్య నుంచి మామను ఆటోలో కపిలతీర్థం చేర్చేసరికి ఏడున్నర అయింది. కొండ మీద నుంచి నీళ్ళు సన్నగానే పడుతున్నాయి.

మామ మెట్లు దిగలేడు. నేను చేద్దామంటే నాన్న ఉన్నారు, తండ్రి బతికున్న కొడుకు పితృతర్పణానికి పనికిరాడు. కాబట్టి నా పని నీళ్ళు మోయడం. ప్లాస్టిక్ స్టూలు ఒకటి వేసి పైమెట్టు మీద కూర్చోబెట్టి, ఇత్తడి చెంబుతో కోనేటి నీళ్ళు తెచ్చిపెట్టాను. అయ్యోరు కుర్రవాడు, ఇరవై అయిదు ఉంటాయేమో. దర్భ పవిత్రం వేలికి తొడిగి, ఆకు దొన్నెలో నల్లనువ్వులు పోసి, మొదట తాత, అవ్వ అయ్యాక, తలెత్తకుండానే అడిగాడు.

"ఇంకెవరండీ?"

"ముగ్గురున్నారు స్వామీ. బంధువులు కాదు."

"గోత్రం?"

"తెలీదు."

"తెలియకపోతే కాశ్యపం. పేర్లు చెప్పండి."

మామ చెప్పాడు. మొదటి పేరు, రెండో పేరు. మూడో పేరు దగ్గర కుర్రవాడు "విజయన్... ఇంటిపేరు?" అన్నాడు. "అదీ తెలీదు స్వామీ" అన్నాడు మామ, తప్పు చేసినవాడిలా. "శర్మనా, వర్మనా, ఏమని చెప్పాలి?" "యుద్ధంలో పోయినోళ్ళు." "అయితే వర్మాణం" అని కుర్రవాడే తేల్చేశాడు.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి నీళ్ళు జారుతున్నాయి. నువ్వులు కొన్ని చేతికి అంటుకుపోయి రావడం లేదు. మామ వాటిని ఇంకో వేలితో జాగ్రత్తగా తోసి పళ్ళెంలో పడేలా చేశాడు. ఒక్కొక్కరికి మూడుసార్లు. తొమ్మిది నేను లెక్కపెట్టాను.

తొమ్మిదో దోసిలి అయ్యాక మామ చెయ్యి దించలేదు. నన్ను చూడకుండానే చెంబు వైపు వేలు చూపించాడు. పోశాను. మంత్రం లేకుండా, పేరు లేకుండా ఇంకో మూడుసార్లు వదిలాడు. కుర్రవాడు మంత్రం ఆపేసి చూస్తూ ఉండిపోయాడు.

అంతా అయ్యాక దక్షిణ ఇవ్వడానికి నేను పర్సు తీశాను. పక్కన ఇంకో కుటుంబం అప్పటికే పీట కోసం ఎదురుచూస్తోంది. అయ్యోరు కుర్రవాడు దొన్నె తుడుచుకుంటూ, "మీవాళ్ళిద్దరూ కాక ముగ్గురికా, నలుగురికాండీ?" అని అడిగాడు.

మామ మోకాలు పట్టుకుని లేస్తున్నాడు. "ఎంతో చూసి ఇచ్చెయ్ రా" అన్నాడు నాతో.